రహీం మాస్టరుగారి బెంగాలీ శిష్యుడు



ఈ సభలో ఫుట్‌బాల్ గురించి నాలుగు మాటలు చెబుతామంటే మన కార్యదర్శిగారు సంతోషంగా ఒప్పుకొన్నారు. ఎవరిని గురించి అని అడిగారు. పి.కె. బెనర్జీని గురించి అనగానే వారి ఉత్సాహం కాస్త తగ్గింది. "ఆయన బెంగాలీ గదండీ! మనవాళ్ళెవరూ దొరకలేదా?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ఊరు విడిచి మూడు తరాలైన మనం ఏ పేరు విన్నా ముందు అడిగేది అదే: మనవాడేనా?

ప్రదీప్ కుమార్ బెనర్జీ 1936లో జల్పాయ్‌గురిలో పుట్టి, జంషెడ్‌పూరులో పెరిగారు. కలకత్తా చేరి ఒక ఏడాది ఆర్యన్ క్లబ్బుకు ఆడి, 1955లో ఈస్టర్న్ రైల్వేలో చేరారు. అంతే, ఆటగాడుగా ఉన్నన్నాళ్ళూ రైల్వేను వదలలేదు. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగు అనే మూడు పెద్ద జట్లలో దేనికీ ఆడకుండానే దేశంలో పేరుపొందారు. 1958లో ఆ రైల్వే జట్టే కలకత్తా లీగు గెలిచింది. మళ్ళీ ఆ మూడు జట్లు కాని మరొకరు దానిని గెలవడానికి 2019 దాకా పట్టింది. రైల్వే క్వార్టర్సులో పెరిగినవారు మనలో చాలామంది ఉన్నారు గనుక ఈ ముక్క ప్రత్యేకించి చెబుతున్నాము.

ఇక ఆయన గురువు సంగతి. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. 1943 మొదలు చనిపోయేదాకా హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి ఆయనే కార్యదర్శి. ఆయన తీర్చిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తుకుపోయింది. ఆయన పద్ధతులు పంతులుగారి పద్ధతులే. బంతిని కాళ్ళదగ్గర పెట్టుకొని తిప్పకుండా వెంటనే పక్కవాడికి అందించాలని పోటీలు పెట్టేవారు. వాటంలేని కాలితోనే తన్నాలని మరొక రకం పోటీ. కుడిచేతి వాటం పిల్లవాడిచేత ఎడమచేత్తో పలక మీద రాయించడం వంటిదన్నమాట.

భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టును నాలుగో స్థానం దాకా తీసుకుపోయారు. కుడి వింగున ఆడిన ఇరవయ్యేళ్ళ పి.కె. అక్కడ ఆయన చేతికింద ఉన్నారు. 1960లో రోముకు పి.కె. కెప్టెనుగా వెళ్ళి ఫ్రాన్సు మీద గోలు కొట్టారు, ఆ ఆట 1-1గా ముగిసింది. హంగరీ మీద, పెరూ మీద మన గోళ్ళు రెండూ కొట్టినవాడు సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరామన్.

1962లో జకార్తా. ఆసియా క్రీడలలో మనవాళ్ళు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయారు. తరువాత థాయిలాండును, జపానును, దక్షిణ వియత్నామును గెలిచి ఫైనలుకు వచ్చేసరికి ఎదురుగా మళ్ళీ ఆ కొరియాయే. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానివ్వకపోవడాన్ని మన క్రీడాధికారి ఒకరు తప్పుపట్టినందుకు ఆ ఊరంతా మనమీద మండిపడుతున్నది. సుమారు లక్షమంది ఉన్న స్టేడియంలో మన జాతీయగీతాన్ని సైతం వినపడనీయకుండా కేకలు వేశారు. మనకు జేజేలు కొట్టింది పాకిస్తాను హాకీ ఆటగాళ్ళట! తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగును రహీంగారు బ్యాకు స్థానం నుంచి తీసి ముందుకు పంపారు. 17వ నిమిషంలో పి.కె., 20వ నిమిషంలో జర్నైల్ గోళ్ళు కొట్టారు. 2-1, బంగారు పతకం. అప్పటికే రహీంగారిని క్యాన్సరు తినేస్తున్నది. ఫైనలు ముందు రాత్రి ఆటగాళ్ళను ఒక కానుక అడిగారనీ, ఆ కానుక ఈ పతకమేననీ చెబుతారు. తరువాతి జూన్‌లో, 1963లో, ఆయన వెళ్ళిపోయారు.

పి.కె. 1967లో ఆట మానారు. ఆటగాడుగా గొప్పవాడైన ప్రతివాడూ గురువు కాలేడు. తాను అలవోకగా చేసినదాన్ని ఎదుటివాడికి విడమరచి చెప్పడం చాలామందికి చేతకాదు. రహీంగారిది కొద్ది మాటల వాడుక. శిష్యుడు మాత్రం మహా వాచాలుడు. ఆట ముందు కుర్రవాళ్ళను కూర్చోబెట్టి ఆయన చెప్పే ప్రసంగాలకు కలకత్తా పత్రికలు 'వోకల్ టానిక్' అని పేరు పెట్టాయి. కాని ఎవరిని ఎక్కడ నిలపాలన్న చూపు మాత్రం గురువుగారిదే అని మేమనుకొంటాము.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో మన జట్టు శిక్షకులలో పి.కె. ఒకరు. కెప్టెను హైదరాబాదు సయ్యద్ నయీముద్దీన్. ఫార్వర్డులలో హైదరాబాదు మహమ్మద్ హబీబ్. జపానును 1-0తో గెలిచి కాంస్యం తెచ్చారు. ఆ తరువాత 2023 దాకా జరిగిన ఆసియా క్రీడలలో మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు మరే పతకమూ రాలేదు.

1972లో ఆయన ఈస్ట్ బెంగాలుకు కోచ్ అయ్యారు. 1970లో మొదలైన ఆ జట్టు లీగు విజయాలు 1975 దాకా, వరుసగా ఆరేళ్ళు, సాగాయి. 1975లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు ఫైనలులో మోహన్ బగాన్‌ను 5-0తో చిత్తుచేశారు. మరుసటి ఏడు ఆయనే మోహన్ బగాన్‌కు వెళ్ళారు! హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ కూడా అదే ఏడు అక్కడికి చేరారు. 1976 లీగులో ఈస్ట్ బెంగాల్ మీద ఆట మొదలైన 17 సెకన్లకే అక్బర్ గోలు కొట్టాడు. టిక్కెట్టు కొని చోటు వెతుక్కొంటున్నవారు ఆ గోలు చూడనేలేదు. 1977 సెప్టెంబరు 24న ఈడెన్ గార్డెన్సులో పేలే ఆడిన కాస్మాస్ జట్టుతో 2-2. మన రెండు గోళ్ళలో ఒకటి హబీబుది.

ఓటములూ ఉన్నాయి. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని జట్టు క్వార్టరు ఫైనలులో సౌదీ అరేబియాకు ఆఖరు ఘడియలలో గోలు సమర్పించుకొన్నది. తరువాత జంషెడ్‌పూరులో టాటా ఫుట్‌బాల్ అకాడమీని చూసుకొన్నారు.

మాకు మింగుడుపడని సంగతి ఒకటి దాచకుండా చెబుతాము. ఇంతమంది కలకత్తా పోగా హైదరాబాదు మైదానాలలో ఏం మిగిలింది? 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచిన ఆంధ్రప్రదేశ్ మళ్ళీ దానిని గెలవలేదు. పోయినవారిని తప్పుపట్టడానికి మనకు నోరెక్కడిది? మన తాతలు కూడా పని ఉన్నచోటికే పోయారు. అయితే హబీబు వంటివారు పోయినచోట వారికి తెలిసిన ఆటనే ఆడించే మనిషి దొరికాడు. ఆయన దానిని హైదరాబాదు పంతులుగారి దగ్గరే నేర్చుకొని ఉన్నాడు. పరాయి ఊళ్ళో అంతకంటె ఏం కావాలి?

పి.కె. 2020 మార్చి 20న కలకత్తాలో కన్నుమూశారు. బలరామన్ ఆ బెంగాలులోనే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో పోయారు. హబీబ్ మాత్రం హైదరాబాదుకు తిరిగివచ్చి, అదే ఏడు ఆగస్టు 15న అక్కడే పోయారు.

రేపు ఉదయం ఏడు గంటలకు మన పిల్లల ఫుట్‌బాల్ పోటీ ఉన్నది. మొదటి పది నిమిషాలూ వాటంలేని కాలితోనే తన్నాలని నియమం పెట్టాము. కార్యదర్శిగారు విజిల్ వేస్తామన్నారు. పెద్దలు కూడా దయచేయ ప్రార్థన.