గోకుకొను కుక్క – పంచాయతీ కర్తవ్యము
(కాజీపేటలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కాజీపేట జంక్షనులో రైలు దిగి వచ్చుచుండగా టీ దుకాణము ప్రక్కన ఒక కుక్కను చూచితిమి. వెంట్రుకలు ఊడినవి, చర్మము ఎర్రబారినది. వెనుకకాలితో చెవిని ఎడతెగక గోకుకొనుచున్నది. మీ గ్రామములలోను అట్టివి ఉండును. చూచిన వెంటనే మనము దానికి “గజ్జికుక్క” యని పేరు పెట్టి తరుముదుము. దానిని ఊరినుండి వదలగొట్టుడని మీకు అర్జీ వచ్చును. ఆ అర్జీపై మీరు నిర్ణయము చేయుటకు ముందు, ఆ కుక్క చర్మములో ఏమి జరుగుచున్నదో విన్నవించుటయే మా ఉద్దేశము.

గోకుకొను ప్రతి కుక్కకును గజ్జి యుండదు. కంటికి కానరాని పురుగులు చర్మమును తొలుచుకొని నివసించుటవలన గజ్జి వచ్చును. అది ఇతర కుక్కలకు అంటును; మనుష్యులకును కొంతకాలము దురద కలిగింపగలదు. అలర్జీవలన వచ్చు చర్మవ్యాధి వేరు. అది ఎవరికిని అంటదు. అందు రోగమును తెచ్చునది బయటి శత్రువు కాదు. శరీరమును కాపాడవలసిన శక్తియే పొరబడుచున్నది.

ఊరి కావలివాని సంగతి తలచుకొనుడు. దొంగను చూచి కేకవేసిన ఊరికి మేలు. దారినపోవు బాటసారిని దొంగ యనుకొని ప్రతి రాత్రియు కేకవేసినచో, జనులు కర్రలతో పరుగిడి తమ కంచెలనే త్రొక్కివేయుదురు. అలర్జీ అట్టిదే. ఇంటి దుమ్ములోని సూక్ష్మమైన పురుగులు, గడ్డి పుప్పొడి, వెంట్రుకలలో గంతులు వేయు పురుగు కుట్టినపుడు దిగు లాలాజలము – ఇవి ఇతర కుక్కలకు పెద్ద హాని చేయవు. అలర్జీ గల కుక్క శరీరము మాత్రము వీనిని శత్రువులుగా ఎంచి, ఐజీఈ అను ప్రతిరక్షకమును తయారుచేయును. అది చర్మములోని మాస్టు కణములకు అంటుకొని యుండును. ఆ వస్తువు మరల తగిలినపుడు ఆ కణములు పగిలినట్లై హిస్టమిన్ మొదలగు ద్రవ్యములను వెడలగ్రక్కును. రక్తనాళములు ఉబ్బి చర్మము ఎర్రబారి వాచును. తెల్లరక్తకణములు కొన్ని ఇంటర్‌ల్యూకిన్-31 అను సంకేతమును విడుదలచేయగా, అది నరములను తాకి దురద పుట్టించును.

కుక్క గోకుకొనును, కొరుకుకొనును. చర్మపు కంచె తెగును. ఆ సందున దుమ్ము, పుప్పొడి మరింత లోపలికి పోవును. సూక్ష్మజీవులు పెరిగి చీము, దుర్వాసన కలుగును. దురదవలన గోకుడు, గోకుడువలన దురద – ఇట్లు ఆ చక్రము తిరుగుచుండును.

రక్షించు శక్తియే హాని చేయగలదని లోకమునకు తెలిపినదియు కుక్కలమీది పరిశోధనయే. 1902లో ఫ్రాన్సు దేశమున షార్ల్ రిషే, పోల్ పోర్టియే అను శాస్త్రజ్ఞులు కుక్కలకు సముద్రజీవి విషమును స్వల్పముగా ఇచ్చిరి. కొన్ని వారముల తరువాత మరల అతిస్వల్పముగా ఇచ్చినను, తట్టుకొనవలసిన కుక్క కొద్ది నిమిషములలో మరణించెను. రిషేకు 1913లో నోబెల్ బహుమానము లభించినది.

ఇక చేయవలసినది. గజ్జియో అలర్జీయో పైచూపునకు తెలియదు. పశువైద్యుడు చర్మమును గీకి సూక్ష్మదర్శినితో పరీక్షింపవలెను. కాజీపేట ప్రాంతమువారికి మామునూరులో పశువైద్య కళాశాల దాపుననే కలదు. మొదట పిడుదులను, గంతులు వేయు పురుగులను నివారించు మందు వాడవలెను. కుక్క పరుండు చోటు శుభ్రముగా ఉంచవలెను. స్టెరాయిడు మందులు దురదను త్వరగా అణచును గాని, వైద్యుడు చెప్పక వాడరాదు. చిరకాలము వాడిన కీడు చేయును. దురద సంకేతమునే అడ్డుకొను మందులు 2013 నుండి వచ్చినవి. అలర్జీ సమూలముగా పోవుట అరుదు. అదుపులో ఉంచుట సాధ్యమే.

కాలిన ఇంజను నూనె, కిరసనాయిలు, పైరుపై చల్లు మందు – వీనిని కుక్కకు పూయుట మానవలెను. కుక్క తన ఒడలు తాను నాకుకొనును. ఆ విషము కడుపులోనికి పోవును.

చర్మవ్యాధి గల కుక్కకు పిచ్చి యున్నదని భయపడనక్కరలేదు. కాని ఏ కుక్క కరచినను, గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. ఈ విషయమున ఉపేక్ష ప్రాణాంతకము.

విషము పెట్టి చంపించుట పరిష్కారము కాదు, నేరము. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 325వ విభాగము అందుకు శిక్ష విధించుచున్నవి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు వీధికుక్కలకు శస్త్రచికిత్స, టీకాలు చేయించు బాధ్యతను పంచాయతీలతో సహా స్థానిక సంస్థలపై ఉంచినవి.

కావున, సభ్యులారా, ఈసారి అట్టి అర్జీ వచ్చినపుడు కర్ర పట్టినవానిని కాక, పశువైద్యుని పిలిపించుడు. గజ్జి యైనచో చికిత్సతో అంటు ఆగును. అలర్జీ యైనచో మూగప్రాణికి బాధ తగ్గును. ఆ రోజుననే టీకా వేయించినచో ఊరిలోని పిల్లలకు రక్షణ కలుగును. ఒక్క పిలుపుతో మూడు మేళ్లు చేకూరును.