ఆగి ఆగి నడచు ట్రాక్టరు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. ఆదాయ వ్యయములు, కందాయ ఫలములు విన్నాము. ఇక మేము మనవి చేయబోవునది ఏ పంచాంగములోను లేని విషయము. పాత ట్రాక్టరు నడుమ నడుమ ఎందుకు ఆగును, ఆగినప్పుడు దేనిని ముందు చూడవలెను అనునదే అది.

పండుగపూట ఇదేమి ప్రసంగమని అనుకొనకుడు. మనలో పావగడ తాలూకా నుండి వచ్చినవారు కలరు. రాయచెర్లు, తిరుమణి, వల్లూరు ప్రాంతమంతయు వానను నమ్ముకొన్న మెట్టనేల. ఉగాదికిని మృగశిర కార్తెకును నడుమ రెండు నెలలే వ్యవధి. వాన కురిసిన పిదప పదును ఎంతో కాలము నిలువదు. ఆ కొద్ది దినములలో ట్రాక్టరు చాలులో నిలిచిపోయినచో వేరుసెనగకు అదను తప్పును. అప్పుడు ఊరి నుండి ఫోను వచ్చును: "అన్నా, పంపు పోయిందంట, దుడ్డు పంపు!" దుడ్డు పంపుటకు ముందు మనము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు.

రాయచెర్లుతో కూడ అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరముల మీద పావగడ సోలార్ పార్కు వెలసినది. దాని మొదటి భాగము 2018లో ప్రారంభమైనది. భూములు రైతులు కౌలుకిచ్చినవే. సేద్యము తగ్గిన ఇంట ట్రాక్టరు నెలల తరబడి కొట్టములో నిలుచును. నిలిచిన బండికే జబ్బులెక్కువ. సగము ఖాళీ టాంకిలో రాత్రి చలికి తేమ నీరై అడుగున చేరును. దానివలన తుప్పు, మడ్డి పుట్టును.

1893లో రుడాల్ఫ్ డీజిల్ పేటెంటు పొందిన ఈ ఇంజనుకు ప్లగ్గు నిప్పు అక్కరలేదు. గాలిని గట్టిగా అదిమిన వేడికే డీజిలు మండును. కావున నడుచుచున్న ఇంజను ఆగినచో ముందు డీజిలు దారిని, పిదప గాలి దారిని అనుమానింపవలెను.

మొదటి ప్రశ్న: ఎట్లు ఆగినది? పావుగంట నడచి, నీరసించి ఆగి, కొంతసేపటికి మరల నడచినచో టాంకి మూతను చూడుడు. దానికొక సన్నని గాలిరంధ్రముండును. దుమ్ముతో అది మూసికొనినచో డీజిలు దిగుట మానును. మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోనికి పోయి బండి నడచినచో జబ్బు తెలిసినట్లే. మందు ఒక సూది మాత్రమే.

రెండవది: మూత సరిగానున్నచో టాంకి కొళాయి, గాజు కప్పు, ఫీడు పంపు జల్లెడ, ఫిల్టర్లు వరుసగా చూడవలెను. ధార ఎక్కడ సన్నగిల్లునో దానికి ముందే అడ్డున్నది. నీరున్నచో కప్పు అడుగున వేరుగా కనబడును. బుడగలు వచ్చినచో ఎక్కడనో వాషరు పాడైనదో, పైపు పగిలినదో తెలిసికొనవలెను. ఫీడు పంపు పీల్చు వైపున డీజిలు కారకుండగనే గాలి చొరబడవచ్చును. ఆ చోటు బాగుచేసి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడు పంపు మీటను చేతితో ఆడించి, బుడగలన్నియు పోయిన పిదప డీజిలు కారుచుండగనే స్క్రూ బిగింపవలెను.

మూడవది: బరువు పడినప్పుడు నల్లపొగ కక్కి ఆగుచున్నదా? అయినచో ఎయిర్ క్లీనరు చూడుడు. పాత బండ్లలో దాని అడుగు గిన్నెలో నూనె ఉండును. మడ్డి కట్టినచో కడిగి, గుర్తు వరకు కొత్త నూనె పోయవలెను.

ఒక హెచ్చరిక. ఇంజను తిరుగుచుండగా నాజిలు పైపుల వద్ద చేయి పెట్టరాదు. ఆ ధార చర్మమును చీల్చి లోనికి పోవును. సూదిపోటువలె కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఇవన్నియు సరిగానున్నప్పుడే పెద్ద పంపు మాట. దానిని కొట్టములో విప్పరాదు. పరీక్షించు యంత్రమున్న షాపుకే పంపవలెను. ఒకేసారి నాలుగు సామానులు మార్చినచో జబ్బు దేనిలో ఉండెనో ఎన్నటికిని తెలియదు. ఒక్కొక్కటే మార్చి నడిపి చూచుట మేలు.

పండుగకు ఊరికి పోవువారు బట్టలతోపాటు ఒక జత ఫిల్టర్లు కూడ తీసికొనిపోవుదురుగాక. టాంకి అడుగు నీరు వదలి, నిండుగా డీజిలు పోసి, ఒక గంట దుక్కి దున్ని చూడుడు. మీ అందరి పొలములలో ఈ ఏడు అదనులో వాన కురియుగాక!