పాత పికప్ వ్యాను కొనే ముందు

(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల ప్రతినిధుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



గేదెను కొనేటప్పుడు మనం ఏం చేస్తాము? పళ్లు చూస్తాము, పొదుగు తడిమి చూస్తాము. రెండు పూటలు మన ముందే పాలు పితికించి చూసి గాని బయానా ఇవ్వము. పాత పికప్ వ్యాను దగ్గరకు వచ్చేసరికి మాత్రం రంగు చూసి, ఒక్కసారి స్టార్టు చేయించి, సంఘం సొమ్ము లెక్కపెట్టి ఇచ్చేస్తున్నాము. తనిఖీలలో నా దృష్టికి వచ్చిన మూడు అనుభవాలు చెబుతాను. సంఘాల పేర్లతో మనకు పని లేదు, పాఠంతోనే పని.

మొదటిది మేడ్చల్ వైపు సంఘం. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మన చుట్టూ ఇళ్ల నిర్మాణం పెరిగింది. అమ్మకానికి వచ్చే పికప్‌లలో ఇసుక, ఇటుక మోసి అలసినవి ఎన్నో ఉంటాయి. అటువంటి బండినే వీరు చవకగా కొన్నారు. మే నెలలో ఒక ఉదయం 18 క్యాన్లతో వస్తుండగా కమాన్ పట్టీలు విరిగి బండి రోడ్డు మీద నిలిచిపోయింది. ఆటోలు పిలిచి శీతలీకరణ కేంద్రానికి చేర్చేసరికి పాలు పులిసిపోయాయి. 720 లీటర్లు తిరస్కరించారు. ఆ నష్టాన్ని సభ్యుల బిల్లుల్లో కోశారు. రోజుకు రెండు లీటర్లు పోసే ఒక వితంతువు కూడా వారిలో ఉంది. బండి కొనమని ఆమె చెప్పలేదు. నష్టంలో మాత్రం ఆమెకు వాటా వచ్చింది.

రెండవది శామీర్‌పేట వైపు సంఘం. బండి మంచిదే, కాగితాలు మంచివి కావు. అమ్మినవాని అప్పు తీరలేదు. ఆర్‌సీ సంఘం పేరుకు మారలేదు. రాజీవ్ రహదారిపై ప్రమాదం జరిగి బండి దెబ్బతింటే, బీమా సంఘం పేరున లేనందున పైసా రాలేదు. బండి అమ్మేవారికీ ఇదే హెచ్చరిక. ఆర్‌సీలో ఎవరి పేరుంటే వారే యజమాని అనీ, ప్రమాద పరిహార బాధ్యత వారిదేననీ 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పాత బండిని డ్రైవరుకు అమ్మి, పేరు మార్చకుండా ఊరుకోవద్దు.

మూడవది మంచి అనుభవం. ఇంకొక సంఘంవారు మెకానిక్కును వెంటబెట్టుకొని తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉండగానే వెళ్లారు. అమ్మేవారు ముందే వేడి చేసి ఉంచితే లోపం తెలియదు గదా! రెండు పూటలు నిండు క్యాన్లతో నడిపించి చూశారు. కొన్నాక మొదటి ట్రిప్పుకు ముందే టైర్లు, కమాన్ పట్టీలు మార్చారు. ఆ ఖర్చు చూసి సభ్యులు గొణిగారు. కాని నాలుగేళ్లుగా ఒక్క పూట కూడా పాలు దారిలో ఆగలేదు.

కావున నా సూచనలు ఇవి:

1. కమిటీ తీర్మానం, మహాజన సభ ఆమోదం లేకుండా కొనవద్దు. కిరాయి వ్యానుకయ్యే ఖర్చుతో పోల్చి లెక్క వేసి సభ్యులకు చూపండి.

2. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతున్నదని గ్రహించండి. బండి కిందికి వంగి ఛాసిస్‌కు తుప్పు, అతుకులు ఉన్నాయేమో చూడండి.

3. బ్యాంకు అప్పు తీరినట్లు పత్రం తీసుకోండి. కొన్న 30 రోజులలో ఆర్‌సీ మార్పుకు దరఖాస్తు చేయండి. బీమాను కూడా వెంటనే సంఘం పేరుకు మార్పించండి. ఏపీ 28, ఏపీ 29 నంబర్లున్న బండి 2014 జూన్‌కు ముందుది. 8 ఏళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి.

4. 40 లీటర్ల నిండు క్యాను సుమారు 50 కిలోలు తూగుతుంది. 20 క్యాన్లంటే ఒక టన్ను. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులో ఖాళీ బండి బరువు తీసివేస్తే ఎంత మోయవచ్చో తెలుస్తుంది. అంతకు మించవద్దు.

5. లాగ్ బుక్కు రాయండి. కిలోమీటర్లు, డీజిలు, మరమ్మతులు, ఆలస్యమైన పూటలు అన్నీ రాయాలి. మరమ్మతుల ఖర్చు కిరాయిని మించితే బండిని వదిలించుకోవాలి.

నిర్లక్ష్యంవల్ల సంఘానికి నష్టం కలిగితే 1964 సహకార చట్టం 60వ సెక్షన్ కింద బాధ్యుల నుంచి వసూలు చేయవచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. ఆ కాగితం రాయవలసింది నావంటివాడే. రాయవలసిన అవసరం రాకూడదని నా కోరిక.

బండి పాతదైనా ఫరవాలేదు. తెల్లవారకముందే లేచి పాలు పితికి తెచ్చిన సభ్యురాలి క్యాను వేళకు చేరాలి. అదే మన లెక్క.

సెలవు. జై సహకార్.