పెంట దిబ్బ, వానపాముల తొట్టి

వానపాముల ఎరువు కొనమని ఒకరూ, మన పెంట దిబ్బే చాలునని మరొకరూ చెబుతుంటే మీకు తికమకగా ఉంటుంది. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ఎర్ర నేలల్లో సేంద్రియ పదార్థం తక్కువ కనుక ఏదో ఒకటి వేయక తప్పదు. అసలు తేడా కంటికి కనబడని సూక్ష్మజీవులలో ఉంది.

పేడ, చెరకు ఆకు, వేరుసెనగ పొట్టు కలిపి పోగువేస్తే లోపలి వేడి 55 నుండి 65 డిగ్రీల దాకా పోతుంది. గడ్డపార గుచ్చి, కాసేపుంచి, తీసి పట్టుకొని చూడండి! ఆ వేడికి కలుపు గింజలూ, తెగులు క్రిములూ చాలావరకు చస్తాయి. వేడిని తట్టుకొనే బాసిల్లస్ వంటి బాక్టీరియాదే అప్పుడు పైచేయి. దిబ్బ చల్లారాకనే తక్కినవి చేరుతాయి.

వానపాముల తొట్టిలో అంత వేడి పుట్టదు. పుడితే పాములే బతకవు. వాటి కడుపులో నలిగి వచ్చిన మట్టిలో రకరకాల బాక్టీరియా పెరుగుతాయి. నత్రజనిని పట్టి ఇచ్చేవీ, భాస్వరాన్ని కరిగించేవీ వాటిలో ఉంటాయి. పరీక్షల్లో ఎక్కువ రకాలు తరచు ఈ ఎరువులోనే కనబడ్డాయి. అయితే వేసిన చెత్తను బట్టి ఇది మారుతుంది. పైగా కలుపు గింజలు ఇందులో పూర్తిగా చావవు. గింజపట్టిన వయ్యారిభామను నేరుగా తొట్టిలో వేశారా, మీ టమాటా నారుమడికి మీరే కలుపు చల్లినట్లు!

నన్నడిగితే రెండూ కలపమంటాను. ముందు చెత్తను 15, 20 రోజులు పోగువేసి, తిరగవేసి, వేడి చల్లారాక వానపాములను వదలండి. తొట్టిపై పందిరి వేసి, తడి గోనె కప్పండి. తయారైన ఎరువును మాత్రం ఎండలో ఆరబోయకండి. నీడన ఉంచి, తేమ ఆరకముందే పొలానికి తోలండి.