నెల చందా లేని టీవీ



కుటుంబ పెన్షన్‌తో నెట్టుకొస్తున్న మన సోదరీమణులు కొందరు బిల్లు భారమై కేబుల్ తీయించేశారు. పలకరించే మనిషి లేని ఇంట్లో అది చిన్న లోటు కాదు. వారికోసమే ఈ నాలుగు మాటలు.

పద్దులు రాసిన గుమాస్తాను గనుక ఖర్చు సంగతే ముందు చెబుతాను. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ 2004 డిసెంబరులో మొదలైంది. ఇప్పటి పేరు డీడీ ఫ్రీ డిష్. డిష్, సెట్ టాప్ బాక్సు ఒక్కసారి కొంటే చాలు, నెల చందా లేదు. సప్తగిరి, యాదగిరి రెండూ వస్తాయి.

డిష్ జీశాట్-15 ఉపగ్రహం వైపు తిరిగి ఉండాలి. మనకది ఆగ్నేయాన, బాగా ఎత్తులో ఉంటుంది. కొబ్బరిచెట్టు గాని, పక్కవారి మేడ గాని అడ్డుండరాదు. బొమ్మ రాకపోతే ముందు వైరు బిగువు చూడండి. జోరువానకు పోయిన బొమ్మ వాన తగ్గాక తానే వస్తుంది. ఏదో ఒక్క ఛానెల్ మాయమైతే బాక్సు పాడైందని డబ్బు తగలేయకండి. ప్రైవేటు ఛానెళ్ల చోట్లు వేలంలో మారుతుంటాయి. మెనూలోకి వెళ్లి ఆటో స్కాన్ చేయండి.

మేడ ఎక్కే పని మాత్రం మెకానిక్కుకే వదలండి. స్కాన్ చేసుకోలేనివారు కార్యదర్శిగారికి పేరివ్వండి. నేనే వచ్చి చేసిపెడతాను. సెలవు.