పదవి ఒక అమానత్: నవాబ్ అలీ నవాజ్ జంగ్ జీవితం

(కొత్తగూడెంలో విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనలో చాలామంది వైరా మీదుగా ప్రయాణం చేసినవారే. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్తూ పాలేరు జలాశయాన్ని చూసినవారే. బస్సు కిటికీలోంచి ఆ నీళ్ళను చూసి కళ్ళు చల్లబడని వారుండరు. ఆ ఆనకట్టలు ఎప్పటివని ఇటీవల కొందరు విద్యార్థులను అడిగాను. నాగార్జునసాగర్ కాలువలు వచ్చాక కట్టి ఉంటారని అన్నారు. కాదు. ఆ రెండూ నాగార్జునసాగర్ కంటే ఎంతో ముందు, నిజాం కాలంలో కట్టినవి. అప్పుడు హైదరాబాదు రాజ్య ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరుగా ఉన్న వ్యక్తి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఈ రోజు ఆయన గురించే మాట్లాడుతాను.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. మదర్సా-ఎ-ఆలియాలో, నిజాం కళాశాలలో చదివారు. 1896లో హైదరాబాదు ప్రభుత్వం ఆయనకు విద్యార్థి వేతనం ఇచ్చి ఇంగ్లండు పంపింది. అక్కడ కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో చదువు ముగించి, 1899లో తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. 1918లో ఆ శాఖకే చీఫ్ ఇంజనీరు, కార్యదర్శి అయ్యారు.

ఆ 1896 సంవత్సరాన్ని మీరు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. ప్రభుత్వ ఖజానాలోని ధనం అంటే రైతు కట్టిన శిస్తు. ఆ శిస్తుతో ఒక యువకుడు చదువుకున్నాడు. తిరిగివచ్చి ఆ రైతు పొలానికి నీళ్ళు తెచ్చాడు. ఆయన జీవిత కథ సారమంతా ఇదే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ప్రాణాలు పోయాయి. ఆ విపత్తు తరువాత నగరాన్ని కాపాడే మార్గం చెప్పమని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని ప్రభుత్వం పిలిపించింది. నగరానికి ఎగువన వరదను పట్టి నిలిపే జలాశయాలు కట్టాలని ఆయన సూచించారు. మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అప్పుడు శాఖ పగ్గాలు అలీ నవాజ్ జంగ్ చేతిలో ఉన్నాయి. వరదను ఆపిన ఆ కట్టలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. ఒకరు దారి చూపారు, మరొకరు పని నడిపించారు. ఒకరు మైసూరు బ్రాహ్మణుడు, మరొకరు హైదరాబాదు ముస్లిం. ఆ నీళ్ళు తాగిన వారెవరూ కట్టినవారి మతం అడగలేదు.

ఆయన కాలంలో జరిగిన అతి పెద్ద పని నిజాంసాగర్. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో ముగిసింది. 2,75,000 ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం. చెరువుల మీద, వాన మీద ఆధారపడిన నిజామాబాదు ప్రాంతంలో వరి, చెరకు విస్తరించాయి. ఆ చెరకును నమ్ముకునే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. కాలువ నీరు పొలానికి, పొలం పంట కర్మాగారానికి, కర్మాగారం వేలాది కుటుంబాల పొయ్యికి ఆధారమైంది. సింగరేణి బొగ్గుతో బతికిన మన ఊరికి ఇలాంటి గొలుసు గురించి వేరే చెప్పనక్కరలేదు.

నదులకు రాజ్యాల సరిహద్దులు తెలియవు. అందుకే కృష్ణా, తుంగభద్ర జలాలపై మద్రాసు ప్రభుత్వంతో జరిగిన చర్చలలో హైదరాబాదు వాటా కోసం ఆయన లెక్కలతో, పట్టుదలతో వాదించారు. ఆయన ప్రతిభను గుర్తించినది నిజాం దర్బారు ఒక్కటే కాదు. 1938లో సుభాష్ చంద్రబోస్ చొరవతో, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడినప్పుడు, నదులు, నీటిపారుదల ఉపసంఘానికి అధ్యక్షులుగా అలీ నవాజ్ జంగ్‌నే ఎంచుకున్నారు. స్వతంత్ర భారతదేశం ఇంకా పుట్టకముందే ఆ దేశపు నదుల గురించి ఆలోచించే బాధ్యత ఆయన భుజాలపై పడింది. 1949 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లో ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా ప్రభుత్వం ప్రకటించింది.

మిత్రులారా, ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఆయన పనిచేసినది ప్రజాస్వామ్యంలో కాదు. ఆ రాజ్యంలో జాగీర్దారీ ఉంది, దేశముఖుల దౌర్జన్యం ఉంది, వెట్టి ఉంది. ఆనకట్టలు కట్టినప్పుడు ఊళ్ళు మునిగాయి; రాళ్ళు మోసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు. ఇవన్నీ దాచిపెట్టి ఆనాటి పాలనను పొగడటానికి నేను రాలేదు. మనవాడు కాబట్టి గొప్పవాడని చెప్పడానికీ రాలేదు. కానీ ఈ నేలకు మీరేమి చేశారని మన పిల్లలను ఎవరైనా నిలదీసినప్పుడు, వారు తల దించుకోకూడదు. కోపంతో ఊగిపోనూ కూడదు. వైరా కట్టను, పాలేరు కట్టను చూపిస్తే చాలు.

మన ధర్మంలో అమానత్ అనే మాట ఉంది. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచినదాన్ని చెక్కుచెదరకుండా తిరిగి అప్పగించడం. పదవి కూడా అమానతే. దాహం తీర్చడాన్ని మనం సదఖా-ఎ-జారియాగా, అంటే మనిషి పోయిన తరువాతా పుణ్యం పారుతూ ఉండే దానంగా భావిస్తాం. ఆయన జీతం తీసుకున్న ఉద్యోగి కదా, అది దానమెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జీతానికి తగిన పనిని జీతం ఆగిపోయిన తరువాత కూడా నిలిచేలా చేయడంలోనే సేవ ఉందని నా సమాధానం.

ఈ మాట చీఫ్ ఇంజనీర్లకు మాత్రమే చెందినది కాదు. కొత్తగూడెం, పాల్వంచలకు కిన్నెరసాని నీళ్ళు వస్తున్నాయి. ఆ నీటిని వదిలే వాల్వుమ్యాన్, వానలో స్తంభమెక్కే లైన్‌మ్యాన్, థర్మల్ కేంద్రంలో రాత్రి షిఫ్టు చేసే ఆపరేటర్, గనిలో దిగే కార్మికుడు, వీరందరి చేతిలోనూ అమానత్ ఉంది. ఈ సభలో అలాంటి కుటుంబాలే ఎక్కువ. మీ వీధికి ముందు నీళ్ళు వదలమని బంధువు అడిగితే, చివరి వీధి గుడిసెలను తలచుకుని కాదనగలిగినవాడు అలీ నవాజ్ జంగ్ వారసుడు. అతని మతం ఏదైనా సరే.

వారసత్వం నిలవాలంటే రెండు పనులు జరగాలి. మొదటిది, ఉన్నదాన్ని కాపాడుకోవడం. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలను కట్టడి చేస్తూ 1996లో 111 నంబరు జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరో ఉత్తర్వు వెలువడింది. నీళ్ళు చేరే దారులు మూసుకుపోతే ఎంత గట్టి కట్టైనా ఖాళీ గిన్నెలా మిగులుతుంది. మన ఊరి చెరువులకూ ఇదే వర్తిస్తుంది. శిఖం భూమి ఆక్రమించినది మనవాడైనా సరే, మనం ప్రశ్నించాలి.

రెండవది చదువు. 1896లో ఒక విద్యార్థి వేతనం లక్షల ఎకరాలకు నీరైంది. 2022లో కేంద్ర ప్రభుత్వం మైనారిటీ పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను నిలిపివేసింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇచ్చే మైనారిటీ ఉపకార వేతనాన్నీ అదే సంవత్సరం ఆపింది. ఆనాడు ఆ వేతనం అందుకున్నది పెద్ద కుటుంబంలోని అబ్బాయి. ఈనాడు అది అందవలసింది ఆటో నడిపేవారి కూతురికి, గని కార్మికుని కొడుక్కి. దాన్ని అడగడం బిచ్చం కాదు, హక్కు. ఆ చదువు ముగిశాక ఈ నేల రుణం తీర్చడం మన బాధ్యత. హక్కును అడిగే గొంతు, బాధ్యతను మోసే భుజం ఒకే మనిషివి కావాలి.

విద్యార్థులారా, ఈసారి వైరా మీదుగా వెళ్ళినప్పుడు ఒకసారి బస్సు దిగండి. కట్ట మీద కాసేపు నిలబడండి. దిగువన పొలాల్లో పనిచేసేవారికి ఆ ఇంజనీరు పేరు తెలియకపోవచ్చు. నీళ్ళు మాత్రం అందుతున్నాయి. రేపు మీ పేరు తెలియనివారికి కూడా మీ పని అందాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.