పూచీ ఎవరు పడతారు?

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠం)



మేము ఉర్దూ బడి పంతుళ్ళం. సుద్దముక్క పట్టుకునేవాళ్ళకి కోర్టు సంగతులెందుకని మీరనుకోవచ్చు. కొన్నేళ్ళ క్రితం ప్రొబేషన్ ఆఫీసరుగారు మా బడి మెట్లెక్కేదాకా మేమూ అలాగే అనుకున్నాం.

మా దగ్గర ఏడో తరగతి దాకా చదివిన కుర్రవాడొకడు. తండ్రి హార్బరులో కలాసీ. పందొమ్మిదేళ్ళ వయసులో, గాజువాక వైపు ఒక గోదాములో రాగి తీగ దొంగిలించి దొరికిపోయాడు. నేరం రుజువైంది. ఇక జైలేనని వీధంతా అనుకున్నది. శిక్ష వేసేముందు కోర్టువారు రిపోర్టు అడిగారు. అందుకోసం ఆ ఆఫీసరుగారు వాడి ఇంటికి, ఇరుగుపొరుగుకి, చివరకు మా దగ్గరకు వచ్చారు.

"మాస్టారూ, వీడు బడి ఎందుకు మానేశాడు?" అని అడిగారు.

మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నెల్లాళ్ళు రాకపోతే పేరు కొట్టేసింది మేమే. ఇంటికెళ్ళి అడిగినవాళ్ళం మాలో ఒక్కరం లేము. దాచకుండా అదే చెప్పాము. ఆయన రాసుకుని, "సరే, ఇప్పుడు వీడికి పూచీ ఎవరుంటారు?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు.

ప్రొబేషన్ వేరు, పెరోలు వేరు. పెరోలు జైల్లో ఉన్నవాణ్ణి కొద్దిరోజులు బయటికి వదలడం. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండానే, మంచి నడవడికకు బాండు రాయించుకుని, ఆఫీసరు కనిపెట్టి ఉండగా విడిచిపెట్టడం. 1841లో బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన కోర్టులో ఒక తాగుబోతుకు పూచీ పడ్డాడు. ఈ పద్ధతికి అదే మొదలంటారు. మన ప్రాంతానికి 1936 నాటి మద్రాసు చట్టం ఉండేది. దేశానికంతటికీ 1958లో చట్టం వచ్చింది.

పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల సంగతి జువెనైల్ బోర్డు చూస్తుంది. ఇరవైఒక్క ఏళ్ళలోపు వాడికి, యావజ్జీవ శిక్ష పడగల నేరం కాకపోతే, ఆఫీసరు రిపోర్టు చూసిన మీదటే కోర్టు నిర్ణయించాలి. జైలే వేస్తే కారణాలు రాయాలి. బాండు మూడేళ్ళు మించదు. 1964లో రత్తన్ లాల్ కేసులో, పై కోర్టులు కూడా ఈ మేలు చేయవచ్చునని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు రాసినవారు మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావుగారు.

చట్టం తలుపు తీసింది, నిజమే. కాని వాడికో, వాడి పూచీదారుకో ఊళ్ళో స్థిరమైన ఇల్లో, పనో ఉండాలి. వాళ్ళదా, అద్దె గది. వాడికి పని లేదు. మూడు రోజులు ఎవరూ ముందుకు రాలేదు. వాడి తల్లి మా వరండాలో కూర్చుని, "సాబ్, మీరు చదువు చెప్పినవాడే కదా" అన్నది. మాలో ఇద్దరం సంతకం పెట్టాం. జీతం మీద బతికే సంసారాలు కదా, చెయ్యి వణికింది.

మొదటి ఏడాదే వాడు రెండుసార్లు ఆఫీసరు ముందు హాజరు కాలేదు. మా గుండె జారింది. ఆయన కోర్టుకు రాసేముందు తానే వెతుక్కుంటూ వెళ్ళారు. ఫిషింగ్ హార్బరులో రాత్రిళ్ళు మూటలు మోసి పగలు నిద్రపోతున్నాడు. గట్టిగా కోప్పడి, మేస్త్రీతో మాట్లాడి పని వేళ మార్పించారు. ఆ బాండు గడువు తీరింది. ఇప్పుడు వాడు వెల్డింగు పని చేసుకుంటున్నాడు.

అందరూ ఇలా బాగుపడతారని మేము అనం. మనం చేయగలిగింది మాత్రం మనవి చేస్తున్నాం. ఆఫీసరు వస్తే తలుపు వేసుకోకండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. పూచీ ఉండగలవాళ్ళు, పని ఇవ్వగలవాళ్ళు సంఘంలో పేర్లివ్వండి. ప్రభుత్వం గుర్తించిన సంఘం ప్రొబేషన్ ఆఫీసరుగా పనిచేసే మనిషినే ఇవ్వవచ్చునని ఆ చట్టం 13వ సెక్షనులో ఉంది. మన కార్యవర్గం ఆ సంగతీ ఆలోచించాలి.

ఇక మా మట్టుకు మేము, పిల్లవాడు వారం రోజులు బడికి రాకపోతే ఇంటికి వెళ్ళి అడుగుతున్నాం. పేరు కొట్టేయడం ఆ తర్వాత సంగతి.

సెలవు.